పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారును నేరుగా అమ్ముకోవడం మంచిదేనా?

మాన్యువల్ గేర్ల స్పోర్ట్స్ సెడాన్‌ను పాత కార్లు కొనే సంస్థకు ఇవ్వాలా, సొంతంగా అమ్ముకోవాలా అని అడిగారు. సొంతంగానే అమ్మండి.

నాది 2012 నాటి స్కోడా లారా వీఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 160 పీఎస్ శక్తి, ఆరు గేర్లు. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు నడిపాను. ముందు ఒక సంస్థవాళ్లను పిలిచాను. వచ్చిన కుర్రాడు గీతలు, సొట్టలు లెక్కపెట్టి ఫొటోలు తీశాడు. రెండో గేరు దాటి నడపలేదు. మామూలు లారాకు కట్టే ధరే దీనికీ కట్టాడు. ఒళ్లు మండిపోయింది.

ప్రకటన ఇచ్చాక వచ్చిన ఫోన్లలో సగం "ఆటోమేటిక్ కాదా అండీ?" అని అడిగి పెట్టేసినవే. ట్రాఫిక్‌లో ఎడమకాలు లాగేస్తుందని నాకూ తెలుసు. అయినా క్లచ్ మీద కాలు పెట్టడమే రానివాళ్లు పెరిగిపోతుంటే బాధగా ఉంటుంది.

నాలుగో వారం ఖమ్మం నుంచి ఒకతను రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఉదయం ఆరున్నర. నమస్కారం పెట్టి, తాళం చెవి అడగకుండా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉందని తెలిశాకే "ఇప్పుడు స్టార్ట్ చేయండి సార్" అన్నాడు. మొదటి క్షణాల్లో టైమింగ్ చైన్ (ఇంజిన్ లోపల వాల్వులను సమయానికి నడిపే గొలుసు) గలగలలాడుతుందేమోనని చెవి దగ్గర పెట్టి విన్నాడు. రోడ్డెక్కాక నాలుగో గేరులో వేగం తగ్గనిచ్చి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజిన్ వేగం ఒక్కటే ఎగిరి బండి అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టు. మా బండి అందుకుంది. అతని ముఖం వెలిగింది. నేను చెప్పిన ధరలో పదిహేను వేలే తగ్గించమన్నాడు, సరేనన్నాను.

ఒక్క షరతు మాత్రం పెట్టాను: ఆర్‌సీలో పేరు మారాకే బండి. దీనికి కారణముంది. నా అంతకుముందు కారును స్టాంపు కాగితం రాయించుకుని ఇచ్చేశాను. కొన్నవాడు పేరు మార్చుకోకుండా ఇంకొకరికి అమ్మేశాడు. రెండేళ్ల తర్వాత అది ఒక స్కూటర్‌ను గుద్దితే పోలీసులు మా గుమ్మం ఎక్కారు. అమ్మేశానని చెబితే చాలదు. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని వారే, నష్టపరిహారం భారమూ వారిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే యజమాని పేరు మార్పిడికి వేసే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కొన్నవారి చేతికిచ్చి ఊరుకోకండి, దగ్గరుండి ఆర్టీఏలో దాఖలు చేయించండి. బ్యాంకు రుణం తీరి ఉంటే ఫారం 35 కూడా వేయించి ఆర్‌సీలో ఆ పద్దు తీయించండి. కొన్నవారు పక్క రాష్ట్రంవారైతే ఫారం 28తో నిరభ్యంతర పత్రం కావాలి. మీ బీమాలోని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దక్కే తగ్గింపు, బండితో పోదు, మీదే. ధ్రువపత్రం అడిగి తీసుకోండి, కొత్త కారుకు పనికొస్తుంది.

ఖమ్మం అబ్బాయి షరతుకు నొచ్చుకోలేదు. పేరు మారిన మూడో రోజే, ఈసారి వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని అదే బస్సులో వచ్చాడు.