పూసలు కదులుతున్నాయి, మనసు నిలవడం లేదు

ప్రశ్న: నా వయసు 36. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగాను. పెళ్లయ్యాక హైదరాబాదులో ఉంటున్నాము. రోజూ రాత్రి ఎనిమిదింటికి మా అత్తగారు అందరినీ కూర్చోబెట్టి 53 పూసల జపం, అంటే మన కతోలికుల జపమాల ప్రార్థన, చెప్పిస్తారు. నా పెదవులు మరియమ్మను వేడుకునే మంగళవార్త జపం చెబుతుంటే మనసు బాబు స్కూలు ఫీజు దగ్గరో, పొద్దున ఆవిడ అన్న మాట దగ్గరో ఉంటోంది. పెదవులతో గౌరవించి హృదయాన్ని దూరంగా ఉంచుకున్నవారిలో నేనూ ఒకరినేమో అనిపించి, ఇకపై విడిగా ప్రార్థించుకుంటానంటే ఆవిడ నొచ్చుకున్నారు. నాలో విశ్వాసం పోయిందా?

జవాబు: మీరు గుర్తుచేసుకున్న ఆ యెషయా ప్రవక్త మాటలను క్రీస్తు ఎవరితో అన్నారో చూడండి. తల్లిదండ్రులకు చేయవలసినది ఎగ్గొట్టడానికి ఆచారాన్ని అడ్డుపెట్టుకున్నవారితో అన్నారు. పగలంతా పనిచేసి వచ్చి జపంలో మనసు చెదిరినవారితో కాదు.

1992లో వెలువడిన, కతోలిక బోధనల అధికారిక గ్రంథమైన శ్రీసభ సత్యోపదేశం పరధ్యానం గురించి చెబుతూ, దాన్ని తరుముతూ పోవడమంటే దాని ఉచ్చులో పడడమేననీ, మనసు దేనికి అంటుకుని ఉందో అది మనకు చూపిస్తుందనీ, మనం చేయవలసిందల్లా తిరిగి హృదయంలోకి రావడమేననీ అంటుంది. కాబట్టి ఫీజు గుర్తొచ్చినప్పుడు పెనుగులాడకుండా, ఆ పూస మీదే వేలు ఆపి, "ప్రభువా, ఆ డబ్బు ఎలా సర్దాలో తెలియడం లేదు" అని చెప్పుకుని తర్వాతి పూసకు వెళ్లండి. అత్తగారి మాటకు కోపం వస్తే కోపంగా ఉందనే చెప్పండి. బైబిలులోని 13వ కీర్తన మొదలయ్యేదే, ఇంకెంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణి నిలదీయడంతో.

జపమాల చెప్పడం తనకెంత కష్టమో పునీతురాలైన సన్యాసిని లిస్యూ పురి చిన్న తెరేసమ్మ (1873–1897) స్వయంగా రాసుకున్నారు. మనసు బొత్తిగా ఎండిపోయిన రోజుల్లో క్రీస్తు నేర్పిన పరలోక జపాన్ని ఒక్కదాన్ని, ఆపైన మంగళవార్త జపాన్ని నెమ్మదిగా చెప్పుకునేవారు. మరో సన్యాసిని అవిలా పురి తెరేసమ్మ అయితే (1515–1582) కొన్నేళ్లపాటు ప్రార్థన సమయం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం గంట కోసం చెవి ఒగ్గి ఉండేదాన్నని ఒప్పుకున్నారు. ఇద్దరినీ శ్రీసభ తన పండితులుగా ప్రకటించింది. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పినా తప్పులేదు.

మీ సొంత ప్రార్థనకు పొద్దున పది నిమిషాలు చాలు. బాబు లేవకముందే, ఇంకా స్టవ్ వెలిగించకముందే కూర్చుని, ఆనాటి గుడి పూజలో చదివే సువిశేష (క్రీస్తు జీవిత వృత్తాంత) భాగాన్ని రెండుసార్లు నెమ్మదిగా చదివి, ఏ మాట దగ్గర ఆగాలనిపిస్తే అక్కడే ఆగండి. మర్నాడు కూడా ఆ మాటే కావాలనిపిస్తే కొత్తది వెతకనక్కరలేదు. ఏమీ తోచని రోజున అనుకున్న సమయం కంటే కాస్త ఎక్కువసేపే ఉండమని యేసుసభ స్థాపకులు పునీత ఇగ్నేషియస్ లొయోలా సలహా. మీ లెక్కన అది పదకొండో నిమిషం. ప్రశాంతంగా ఉన్నప్పుడు చేసుకున్న నిర్ణయాన్ని మనసు కుంగిన రోజున మార్చుకోవద్దని కూడా ఆయనే హెచ్చరించారు. నిద్ర, ఆకలి కూడా తగ్గి ఉంటే మాత్రం అది వట్టి ప్రార్థన సమస్య కాకపోవచ్చు, డాక్టరును కలవండి.

రాత్రి జపం మానకండి. పొద్దుటి పది నిమిషాలు దానికి బదులు కావని ఆవిడకు స్పష్టంగా చెప్పి, ఒక దేవరహస్యాన్ని, అంటే ఒక ఘట్టాన్ని ధ్యానిస్తూ చెప్పే పది పూసల భాగాన్ని, మీరు నడిపిస్తానని అడగండి. గురువారం చెప్పుకునే వెలుగు రహస్యాల్లో, అంటే 2002లో రెండో జాన్ పాల్ పాపుగారు చేర్చినవాటిలో, రెండోది కానా పెళ్లి. ఆ పెళ్లింట మరియమ్మ కొడుకుతో చెప్పింది ద్రాక్షరసం అయిపోయిందన్న మాటే, మీ ఫీజు లాంటి ఇంటి సంగతే. ఆ రహస్యాన్ని నడిపించే వంతు మీకు ఇవ్వమనండి. ఇక ఆవిడ అన్న మాట గురించి నేరుగా మాట్లాడవలసే ఉంది. అయితే జపం ముగిసిన వెంటనే కాకుండా, ఆదివారం పూజ నుంచి వచ్చి టిఫిన్లు అయ్యాక, మీవారు కూడా ఉన్నప్పుడు మాట్లాడండి.