ప్రత్యేక చట్టం లేకపోతే నేరం కాదా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని, ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యతలు కూడా చూస్తున్నాను. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం మీద ఫిబ్రవరి 6న విద్యార్థులకు అవగాహన సదస్సు పెట్టాలనుకున్నాం. ‘మన దేశంలో దీనికి చట్టమే లేదు’ అని పిల్లలు పోస్టర్ రాశారు. అది నిజమేనా? మతం జోలికి వెళ్తే కేసు అవుతుందని తోటి లెక్చరర్లు భయపెడుతున్నారు. ఆఫ్రికా నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న ఒక అమ్మాయి, చిన్నప్పుడు తన దేశంలో తనకూ ఇలా చేశారని నాతో చెప్పింది. నేను పోలీసులకు చెప్పి తీరాలా?
– ఒక లెక్చరర్, విశాఖపట్నం

జవాబు: మేడమ్, ముందు ఆ పోస్టర్ మార్పించండి. దీనికంటూ విడిగా చట్టం లేని మాట నిజమే. కానీ ‘చట్టమే లేదు’ అని గోడ మీద చదివిన పిల్లలకు ‘అయితే చేసినా తప్పు లేదు’ అనే అర్థమవుతుంది. ‘ప్రత్యేక చట్టం లేకపోయినా ఇది నేరమే’ అని రాయించండి.

ఎలా నేరమంటారా? పదునైన పరికరంతో గాయపరిస్తే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 118 వర్తిస్తుంది. మామూలు గాయానికి మూడేళ్ల వరకు జైలు. తీవ్ర గాయమైతే కనీసం ఏడాది నుంచి పదేళ్ల దాకా, లేదంటే యావజ్జీవం. బిడ్డ బాగోగులు చూడాల్సినవాళ్లే హింసించినా, ఇంకొకరి చేత చేయించినా బాల న్యాయ చట్టం సెక్షన్ 75 ఉంది. ‘కన్నవాళ్లం, మేం ఒప్పుకున్నాం’ అంటే చెల్లదు. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో వాళ్ల మేలు కోసం సంరక్షకులు ఇచ్చే సమ్మతికి న్యాయ సంహిత సెక్షన్ 27 కొంత రక్షణ ఇస్తుంది. అయితే ప్రాణం కాపాడటానికో, తీవ్రమైన జబ్బు నయం చేయడానికో తప్ప తీవ్ర గాయానికి ఆ రక్షణ లేదు. ఈ కోతతో ఏ జబ్బూ నయం కాదు. ఆరోగ్యపరంగా దీనివల్ల మేలేమీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మూత్రం పోసేటప్పుడు నొప్పి, పెద్దయ్యాక కాన్పులో ఇబ్బందులు మాత్రం పొంచి ఉంటాయి. డాక్టర్ చేసినా ఇందులో తేడా ఏమీ ఉండదు.

మన దేశంలో ఈ ఆచారం ప్రధానంగా షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా సమాజంలో ఉంది. ఖత్నా, ఖఫ్జ్ అంటారు. సాధారణంగా ఏడేళ్ల వయసులో చేస్తారు. దీన్ని ఆపాలంటూ 2017లో సుప్రీంకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) పడింది. ఇది ఇప్పటికే ఉన్న చట్టాల ప్రకారం నేరమేనని 2018లో కేంద్రం తరఫున అటార్నీ జనరల్ కోర్టుకు చెప్పారు. అదే ఏడాది సెప్టెంబరులో ముగ్గురు జడ్జీల బెంచ్ ఆ కేసును రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. తర్వాత శబరిమల ఆలయంలోకి మహిళల ప్రవేశంపై తీర్పు రివ్యూలో వచ్చిన ప్రశ్నలతో పాటు విస్తృత ధర్మాసనం పరిశీలించాల్సిన అంశాల్లో ఇదీ చేరింది. మత స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 25వ అధికరణే ఆ స్వేచ్ఛ ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉంటుందని మొదటి వాక్యంలో చెబుతుంది. నా అభిప్రాయంలో ఏడేళ్ల బిడ్డ శరీరం ముందు ఏ ఆచారమూ నిలవకూడదు.

ఇక కేసు భయం. మత భావాలను గాయపరిచిన నేరానికి, అంటే న్యాయ సంహిత సెక్షన్ 299కి, ఉద్దేశపూర్వకమైన దురుద్దేశం ఉండాలి. ఆరోగ్యం గురించి, చట్టం గురించి మర్యాదగా చెప్పే సదస్సుకు అది అంటదు. అయితే ఒక్క జాగ్రత్త. ఒక సమాజాన్ని వేలెత్తి చూపే నాటికలు, బొమ్మలు వద్దు. దీన్ని ఆపాలని ముందుగా గొంతెత్తినవాళ్లలో ఆ సమాజపు స్త్రీలే ఉన్నారు. ఆ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. ఇది ఒక మతానిదో, ఒక ఖండానిదో కాదు. యునిసెఫ్ 2024 లెక్క ప్రకారం ప్రపంచంలో 23 కోట్ల మందికి పైగా ఆడవాళ్లు దీన్ని అనుభవించారు. ‘మగపిల్లలకూ చేస్తారుగా’ అని కుర్రాళ్లు అడుగుతారు. కసురుకోకండి. రెండింట్లో తొలగించే భాగం ఏమిటో, దాని పని ఏమిటో గైనకాలజిస్ట్ చేత బొమ్మ గీయించి చెప్పించండి.

మీ విద్యార్థిని సంగతి వేరు. ఆమె ఇప్పుడు మేజర్. విదేశంలో, విదేశీయులు చేసిన పని మీద మన చట్టం నడవదు. పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. ఆమె అడగకుండా స్టేజీ ఎక్కించకండి, ఎవరికీ పేరు చెప్పకండి. నొప్పి, ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉంటే లేడీ డాక్టర్ దగ్గరకు తోడు వెళ్లండి.

అసలు ఆలోచించుకోవాల్సింది ఇంకొకటుంది. సదస్సు అయ్యాక ఒకమ్మాయి మీ గదిలోకి వచ్చి, ‘సెలవుల్లో మా చెల్లిని తీసుకెళ్తున్నారు మేడమ్’ అంటే? అప్పుడు ఆలస్యం చేయకండి. ఇది పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కిందికి వస్తుందా రాదా అన్న వాదన కోర్టులో తేలాల్సి ఉంది. కానీ పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరగబోతోందన్న అనుమానం ఉన్నా చెప్పాల్సిందే, జరిగిన నేరాన్ని చెప్పకపోతే శిక్ష కూడా ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం చర్య ఉండదు. కాబట్టి చెప్పేయడమే మేలు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, బాలల సంక్షేమ కమిటీ రంగంలోకి దిగుతుంది. ఆ రోజే ప్రమాదం ఉంటే 112. బిడ్డను విదేశానికి తీసుకెళ్లినా, చేయించినవాళ్లు భారతీయులైతే కేంద్రం అనుమతితో ఇక్కడ విచారించే వీలుంది.

ప్రిన్సిపాల్ సంతకంతో విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ముందుగానే లెటర్ పెట్టండి. సదస్సుకు లాయర్‌ను పంపమని అందులో అడగండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. వాళ్ల హెల్ప్‌లైన్ నంబర్ 15100.