రంగు కొనేముందు తేదీ తేల్చుకో

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను, ఫోటోలు కూడా పెద్దవి చేసుకుని చూశాను. అతుకులు నీట్‌గా వచ్చాయి, పక్కన మిగిలే అచ్చు గీతలు బాగా గీకావు, మొదటిసారి కిట్ అతికించి చేసిన బొమ్మ ట్యాంకుకి అది చాలా ఎక్కువ. "ఏ రంగులు కొనాలో లిస్ట్ పంపు పెదనాన్నా" అన్నావు కదా, లిస్ట్ ఇప్పుడే పంపను. ముందు నువ్వు నాకో తేదీ చెప్పు. నీ ప్యాంజర్ 4, అంటే ఆ రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు, ఏ నెలలో ఏ ఊరి దగ్గర ఉందో చెప్పు, అది తేలితే రంగుల లిస్ట్ దానంతట అదే వస్తుంది.

ఎందుకంటే నువ్వు దానికి ముదురు బూడిద రంగు వేశావు, కానీ పక్కన రెండు వైపులా పల్చటి రేకులు తగిలించి ఉన్నాయి చూడు, షుర్ట్‌సెన్ అంటారు వాటిని, సోవియట్ సైనికుల 14.5 ఎంఎం యాంటీ ట్యాంక్ రైఫిళ్ళని తట్టుకోడానికి పెట్టారు. అవి 1943లో వచ్చాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే జర్మన్లు బూడిద రంగు ఆపేసి ముదురు పసుపుకి మారారు, డుంకెల్‌గెల్బ్ అని డబ్బా మీద ఉంటుంది. అంటే నీ బల్ల మీదున్న ట్యాంకు ఆకారం ఒక ఏడాదిది, రంగు ఇంకో ఏడాదిది. తిట్టట్లేదమ్మా, బాక్స్ మీద బొమ్మ అలాగే ఉండి ఉంటుంది, బాక్స్ ఆర్ట్‌ని నమ్మితే ఇంతే.

ఈ రంగుల కథ నిజానికి సరుకుల కథ. 1940లో ఫ్రాన్స్‌లోకి దిగిన జర్మన్ ట్యాంకులకి ముదురు బూడిద మీద మూడో వంతు ముదురు గోధుమ మచ్చలు ఉండేవి, రెండూ ఎంత దగ్గర రంగులంటే బ్లాక్ అండ్ వైట్ ఫోటోల్లో తేడా పట్టుకోలేం, అందుకే చాలా కాలం అందరూ ఒకటే రంగు అనుకుని పెయింట్ చేశారు. ఆ ఏడాది జూలైలో పెయింట్ పొదుపు కోసం గోధుమ తీసేశారు. తర్వాత 1943లో పసుపు వచ్చినప్పుడు పైన వేసే ఆకుపచ్చ, ఎర్ర గోధుమ రంగుల్ని ముద్దలా డబ్బాల్లో పెట్టి యూనిట్లకి పంపేవాళ్ళు, పెట్రోల్ కలిపి పల్చన చేసుకుని సిబ్బందే వేసుకోవాలి, పెట్రోల్ లేని చోట నీళ్ళు కలిపేవాళ్ళు, అప్పుడు వాన పడితే కారిపోయేది. స్ప్రే గన్ ఉన్నవాళ్ళు స్ప్రే చేశారు, లేనివాళ్ళు బ్రష్‌తోనో చేతికి దొరికిన దాంతోనో పూశారు. కాబట్టి 1943 తర్వాత ట్యాంకు మీద నీ గీత కాస్త వంకర పోయినా, మచ్చ అంచు చిరిగినట్టు ఉన్నా భయపడకు, అసలు ట్యాంకు అలాగే ఉండేది. అదే ఫ్యాక్టరీలో వేసిన బేస్ కోట్ మాత్రం గరుగ్గా ఉంటే బాగోదు, అది గన్‌తో సమంగా కొట్టిన పెయింట్.

బ్రిటిష్ వాళ్ళదీ అదే గోల. యుద్ధం మొదట్లో ఆకుపచ్చ, తర్వాత ఆకుపచ్చకి కావలసిన క్రోమియం ఆక్సైడ్ కరువై 1942 కల్లా గోధుమ రంగుకి పోయారు, ఎస్‌సీసీ 2 అని పేరు, మళ్ళీ 1944 ఏప్రిల్‌లో ఎస్‌సీసీ 15 అనే ఆలివ్ రంగుకి వచ్చారు, అమెరికా నుంచి వచ్చే బండ్లన్నీ ఆలివ్ రంగులోనే దిగుతుంటే ఇక అన్నిటికీ మళ్ళీ రంగెందుకు అని. ఇంగ్లండ్‌లో 1943 ట్రైనింగ్ సీన్ చేసి చర్చిల్ ట్యాంకుకి ఆకుపచ్చ వేస్తే తెలిసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ, అది వేరే సంగతి, నీకు తెలియాలి అంతే.

ఎడారి అంటే నీకు ఇష్టం అన్నావు, అక్కడైతే ఇంకా సరదాగా ఉంటుంది. 1941 ఫిబ్రవరిలో జర్మన్ల ఎడారి సైన్యం ఆఫ్రికా కోర్ లిబియాలోని ట్రిపోలీలో దిగినప్పుడు వాళ్ళ బండ్లు యూరప్ బూడిద రంగులోనే ఉన్నాయి, పైన బురద, ఇసుక పులిమి దాచుకున్నారు. మార్చిలో పసుపు గోధుమ రంగుకి ఆర్డర్ వచ్చింది. కాబట్టి 1941 తొలి నెలల ట్యాంకు కావాలంటే బూడిద బేస్ వేసి, దాని మీద పల్చగా ఇసుక రంగు తుడిచినట్టు వేసి, మూలల్లో, చేతులు తగిలే హ్యాచ్‌ల దగ్గర బూడిద బయటపడనివ్వు. వాళ్ళ యూనిఫాం కూడా అంతే, మొదట ఆలివ్ ఆకుపచ్చ కాటన్, ఎండకీ ఉతుకులకీ పాలిపోయి లేత ఖాకీ అయిపోయేది. ఒకే స్క్వాడ్‌లో అందరికీ ఒకే షేడ్ వేయకు. కొత్తగా వచ్చినవాడి టోపీ పచ్చగా, పాతవాడిది తెల్లబడినట్టు వేశావంటే ఎవరు ముందు వచ్చారో చూసేవాళ్ళకి తెలిసిపోతుంది.

బ్రిటిష్ మటిల్డా ట్యాంకుల మీద ఏటవాలు గీతల మూడు రంగుల స్కీమ్ ఉంటుంది, బ్రిగేడియర్ కాంటర్ పేరు మీద కాంటర్ స్కీమ్ అంటారు, 1940, 41 కాలానిది. దాంట్లో సిల్వర్ గ్రే అనే రంగుని చాలా ఏళ్ళు మోడలర్లందరూ లేత నీలం వేశారు, ఒక మ్యూజియంలో ట్యాంకుకి అలా వేసి ఉండటంతో అదే నిజమనుకున్నారు. అసలు అది ఆకుపచ్చ ఛాయ కలిసిన బూడిద. నాకు చూడ్డానికి ఆ నీలమే అందంగా ఉంటుంది, ఒప్పుకుంటా, కానీ వేయను.

ఇక మటిల్డా అన్నాక మనవాళ్ళ గురించి చెప్పాలి. 1940 డిసెంబర్ 9 తెల్లవారాక ఈజిప్ట్‌లో నిబేవా అనే ఇటాలియన్ క్యాంపు మీద 4వ ఇండియన్ డివిజన్‌లోని 11వ బ్రిగేడ్, 7వ రాయల్ ట్యాంక్ రెజిమెంట్ మటిల్డాలు కలిసి పడ్డాయి, అదీ మందుపాతరలు లేని వెనక వైపు నుంచి. ఇటాలియన్ ట్యాంకులు ఇంజన్ స్టార్ట్ చేసుకునే లోపే అయిపోయాయి, మటిల్డా ముందు కవచం 78 ఎంఎం, వాళ్ళ ఫిరంగులు దాన్ని చీల్చలేకపోయాయి. ఇటాలియన్ జనరల్ మలెట్టి అక్కడే చనిపోయాడు. ఇప్పుడు ఆలోచించు, డిసెంబర్, పొద్దున్నే, ఎడారి. చలి! నిక్కర్లు, పొట్టి చేతుల చొక్కాలు ఉన్న ఫిగర్లు, అంటే సైనికుల బొమ్మలు, పెడితే అది జూన్ సీన్ అవుతుంది. స్వెటర్లు, గ్రేట్‌కోట్లు ఉన్న బాడీలు వెతుక్కో. 4వ డివిజన్ గుర్తు ఎర్ర గద్ద, 5వ దానికి నల్ల మీద ఎర్ర గుండ్రం, ఇవి బండ్ల మీద వేసేటప్పుడు కలపకు.

ఇండియన్ ఫిగర్లు వేసేటప్పుడు నాకు కోపం తెప్పించేది ముఖం రంగు. అందరికీ ఒకే గోధుమ రంగు పూసి వదిలేస్తారు. పంజాబీ ముసల్మాను, డోగ్రా, గూర్ఖా, మద్రాస్ సాపర్ (ఇంజనీర్ దళం సైనికుడు) అందరూ ఒకే ఒంటి రంగులో ఉంటారా చెప్పు! బేస్‌లో ఎర్ర గోధుమ పెట్టుకో, ఒక్కొక్కరికీ కాస్త ఓకర్ (మట్టి పసుపు) ఎక్కువ తక్కువ కలుపు, హైలైట్‌కి మాత్రం తెలుపు కలపకు, తెలుపు కలిపితే బూడిద పూసినట్టు అవుతుంది, ఓకర్ లేదా లేత ఫ్లెష్ కలిపి తేల్చు. చెక్కిళ్ళ మీద, ముక్కు మీద, కింది పెదవి మీద చిన్న చుక్క చాలు. సిక్కు సైనికులు ఉక్కు హెల్మెట్ పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు, తలపాగాతోనే పోరాడారు, కాబట్టి బ్రిటిష్ కిట్ తలలకి గడ్డం పెయింట్ చేసి వాడేద్దాం అనుకోకు, తలపాగా తలలు విడిగా దొరుకుతాయి. ఇంకోటి, మన సైన్యం 1930ల నుంచి బ్రిటిష్ వాళ్ళ బ్రెన్ గన్ బదులు వికర్స్ బెర్తియర్ లైట్ మెషిన్ గన్ వాడింది, ఇద్దరు గన్నర్లకి అది పెట్టి చూడు.

సరే, చేతి పని. ఇది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే వీడియోల్లో బోలెడు ఉంది. పార్ట్స్‌ని ఫ్రేమ్‌తో సహా గోరువెచ్చని సబ్బు నీళ్ళల్లో కడుగు, అచ్చు నుంచి వదలడానికి వేసిన నూనె పోవాలి, లేదంటే ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే అస్తరు కోటు, పట్టదు. ప్రైమర్ ఒక్కసారే తడిపేయకు, పల్చగా రెండు మూడు సార్లు, బాగా తేమగా ఉన్న రోజు అసలు వద్దు, పొడిపొడిగా పడుతుంది. ఫిగర్లకి మొత్తం నల్ల ప్రైమర్ కొట్టి పైనుంచి మాత్రమే తెల్లది కొట్టు, ఎండ ఎక్కడ పడుతుందో నీడ ఎక్కడుందో బొమ్మే చూపిస్తుంది, తర్వాత పల్చటి రంగులు వేస్తే సగం షేడింగ్ అయిపోయినట్టే. పెయింట్ పాలంత పల్చగా ఉండాలి, రెండు కోట్లు వేయి, ఒక్క మందపాటి కోటు వేశావంటే వాడి ముక్కూ గుండీలూ పూడిపోతాయి.

మూడు సున్నాల (000) బ్రష్, అంటే మరీ సన్నటిది, కొనకు. దాని మొనకి చేరేలోపే పెయింట్ ఎండిపోతుంది. 1 లేదా 2 నంబర్ సేబుల్ బ్రష్, మొన బాగా ఉన్నది ఒకటి చాలు, కళ్ళు కూడా దాంతోనే. కళ్ళంటే గుర్తొచ్చింది, 1/72 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 72వ వంతు బొమ్మకి, కళ్ళు వేయకమ్మా, కనుబొమ్మ కింద ముదురు నీడ చాలు, తెల్ల గుడ్లు వేస్తే మొత్తం ప్లటూన్ దెయ్యం చూసినట్టు ఉంటుంది. 1/35 లో అయితే వెయ్యొచ్చు, అదీ తెలుపు కాదు, మురికి క్రీమ్ రంగు. చిన్న స్కేల్ అయ్యేకొద్దీ రంగు కూడా కాస్త లేతగా కలుపుకో, అసలు ట్యాంకు రంగుని యథాతథంగా వేస్తే బుల్లి ట్యాంకు మీద నల్లగా కనపడుతుంది.

బ్రష్ మొనని నోటితో సరిచేయడం నేర్చుకోకు, కొన్ని రంగుల్లో క్యాడ్మియం ఉంటుంది. రెజిన్ పార్ట్స్ గీకేటప్పుడు మాస్క్, నీళ్ళల్లో తడిపి గీకు. పాత కాలం లోహం ఫిగర్లు ఎవరైనా ఇస్తే సీసం ఉందనుకునే పట్టుకో, చేతులు కడుక్కో. స్ప్రే ఎప్పుడూ గాలి ఆడే చోటే. ఇవి మాత్రం అడ్డం చెప్పకుండా విను.

డికాల్స్, అంటే నీళ్ళల్లో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు, వాటి దగ్గర అందరూ తొందరపడతారు. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ మీద నేరుగా అతికిస్తే కింద గాలి నిలిచి వెండిలా మెరుస్తుంది, ముందు మెరిసే గ్లాసీ వార్నిష్, తర్వాత డికాల్, దాన్ని మెత్తబరిచి అతుక్కునేలా చేసే సెట్టింగ్ సొల్యూషన్, ఎండాక మొత్తం మీద మ్యాట్ వార్నిష్. ఎర్ర గద్ద అప్పుడు పెయింట్ చేసినట్టే ఉంటుంది.

ఇక తుప్పు. ఇప్పుడు ఎవర్ని చూసినా ట్యాంకు మొత్తం తుప్పు పట్టించేస్తున్నారు, సముద్రంలోంచి తీసినట్టు. యుద్ధంలో చాలా ట్యాంకులు అంత తుప్పు పట్టేదాకా బతకలేదు తల్లీ. దుమ్ము, బురద, నూనె మరకలు, పొగ గొట్టం చుట్టూ మసి, ఇవి ఎక్కువ. సైలెన్సర్ మీద తుప్పు వెయ్యి, అది వేడికి రోజుల్లోనే పడుతుంది. ట్రాక్‌కి నేల తగిలే చోటు మెరవాలి. చక్రాల రబ్బరు మీద తుప్పు, అల్యూమినియం విమానం మీద తుప్పు, రెండూ నేను చూశాను, ఇంకేమనాలి. పెయింట్ లేచిన గీతల కోసం స్పాంజి ముక్క తీసుకుని ముదురు గోధుమ అద్ది, దాదాపు అంతా కాగితం మీద తుడిచేసి, సిబ్బంది ఎక్కి దిగే చోట్ల మాత్రమే తట్టు. బూటు ఎక్కడ పెడతారో అని బొమ్మ చుట్టూ ఒకసారి కళ్ళతోనే ఎక్కి దిగు.

తర్వాతి ప్రాజెక్ట్ నన్నే చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, నున్షిగుం చెయ్యి. 1944 ఏప్రిల్ 13, ఇంఫాల్ దగ్గర కొండ, పైన జపాన్ వాళ్ళు. 3వ కారబినియర్స్ అనే బ్రిటిష్ ట్యాంకు రెజిమెంట్ ఎం3 లీ ట్యాంకులూ, డోగ్రా పదాతి దళమూ కలిసి ఎక్కారు. ఆ కొండ ఎంత నిటారుగా ఉందంటే లోపలినుంచి దారి కనపడక ట్యాంకు కమాండర్లు హ్యాచ్‌లోంచి తల బయటపెట్టే నడిపించాల్సి వచ్చింది, ఒక్కొక్కరే తలకి దెబ్బ తగిలి పడిపోయారు. చివరికి ఆఫీసర్లు ఎవరూ మిగల్లేదు, ట్యాంకుల్ని స్క్వాడ్రన్ సార్జెంట్ మేజర్, డోగ్రాల్ని సుబేదార్లు నడిపించి కొండ పట్టుకున్నారు. ఇది తెలిశాక నువ్వు హ్యాచ్ మూసి అతికించవు కదా? తెరిచి పెట్టు, లోపల సగం ఫిగర్ కమాండర్‌ని పెట్టు. యూనిఫాం ఖాకీ వద్దు, 1943 నుంచి అక్కడ జంగిల్ గ్రీన్, ఉతికి చెమటపట్టి వెలిసింది, కాబట్టి వీపు మీద, చంకల దగ్గర కాస్త ముదురు వాష్ (నీళ్ళలా పల్చటి రంగు) పెట్టు. ఏప్రిల్ మధ్య అంటే అసలు వానలు ఇంకా పట్టలేదు, ట్రాక్స్‌కి పొడి మట్టి, దుమ్ము వేయి. అదే కొహిమా జూన్ చేస్తే బురద ఒంటినిండా. బేస్ చదునుగా చేయకు, అట్టముక్కలు పేర్చి బాగా ఏటవాలుగా చేయి, ట్యాంకు ముందు భాగం ఆకాశం చూడాలి.

ఆ ప్యాంజర్ 4 సంగతికొస్తే, ఊడబెరకకు, ఆ రేకుల్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టు. రేకులు తీసినంత మాత్రాన బూడిద రంగు సరిపోతుందని కాదు, ఫిరంగి పొడుగు, హల్ (ట్యాంకు ఒళ్ళు) ముందు భాగం దగ్గరగా ఫోటో తీసి పంపు, అది ఏ మోడలో చూసి 1942లో నిలబడుతుందా, పసుపు వేయక తప్పదా చెప్తాను.

మీ పెదనాన్న