టార్క్ రెంచికి తూకం పరీక్ష

ప్రశ్న: మా కారు చక్రాల నట్లు నేనే బిగించుకుంటాను. పోయిన నెల స్టడ్లకు (నట్లు ఎక్కే మరల కడ్డీలకు) కాస్త నూనె రాసి, టార్క్ రెంచి (పెట్టిన అంకె మేర బిగింపు రాగానే 'క్లిక్' అనేది) 100 న్యూటన్ మీటర్లకు పెట్టి బిగిస్తుంటే ఒక స్టడ్ పుటుక్కున తెగింది. మూడేళ్లుగా రెంచిని 100 దగ్గరే ఉంచి అల్మారాలో పడేశాను. స్ప్రింగు పాడై ఎక్కువ బిగించిందా? ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: స్ప్రింగు మీద అనుమానం సబబే, కానీ మీరు అనుకున్నదానికి తిరగబడి ఉంటుంది. ఏళ్ల తరబడి నొక్కుకుని ఉన్న స్ప్రింగు నీరసపడుతుంది. నీరసపడితే రెంచి ముందే 'క్లిక్' అంటుంది, నట్టు వదులుగా మిగులుతుంది. స్టడ్ తెగడానికి నాకు మీ నూనె మీదే అనుమానం. కంపెనీ చెప్పే లెక్క చాలా కార్లకు నూనె రాయని పొడి మరలకే. నూనె పడితే రాపిడి తగ్గి, అదే 100కి స్టడ్ చాలా ఎక్కువ సాగుతుంది. క్లిక్ అన్నాక 'ఇంకోసారి' అని ఊగారా? అదీ ఒక కారణమే.

అయినా పరీక్ష చేయండి. రెంచి చదరపు మొనను బెంచ్ వైస్‌లో గట్టిగా బిగించి, రసమట్టం పెట్టి పిడిని అడ్డంగా, సమంగా నిలపండి. పిడి మధ్యలో గుర్తు పెట్టి, మొన నడిబొడ్డు నుంచి అక్కడికి టేపుతో కొలవండి. 40 సెంటీమీటర్లు అనుకుందాం. అక్కడ 20 కిలోలు వేలాడదీస్తే 20 × 9.78 × 0.40, అంటే 78.2 న్యూటన్ మీటర్లు. (9.78 అంటే భూమి ఆకర్షణ లెక్క. పుస్తకాల్లో 9.81 ఉంటుంది. మన తిరుపతి, చిత్తూరు భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి 9.78. ఆ తేడాతో మీ నట్టుకు ఒరిగేదేమీ లేదు, రాయకుండా ఉండలేకపోయాను.) రెంచి సొంత బరువును మాత్రం మరవొద్దు. వేలి మీద నిలబెట్టి తూగే చోటు చూడండి. 1.2 కిలోల రెంచి మొన నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర తూగితే ఇంకో 2.3 కలుస్తుంది. మొత్తం 80.5.

ముందు రెంచిని ఐదారుసార్లు పెద్ద సెట్టింగులో క్లిక్ అనిపించండి, లోపలి గ్రీజు కదులుతుంది. తర్వాత 70కి పెట్టి బరువు మెల్లగా వదలండి, క్లిక్ అంటుంది. బరువు ఎత్తి, కొంచెం పెంచి మళ్లీ వదలండి. ఏ అంకె దగ్గర క్లిక్ ఆగిపోతుందో అదే మీ రెంచి చెప్పే 80.5. ఇలాంటి రెంచికి ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇచ్చే సడలింపు 4 శాతం. 78, 83 మధ్య ఆగితే ముట్టుకోకండి.

బరువుకు మాత్రం తూనికల శాఖ ముద్ర ఉన్న పడికట్టు రాళ్లే కిరాణా కొట్టు నుంచి అరువు తెచ్చుకోండి. నేను బియ్యం బస్తా తగిలించి బోల్తాపడ్డాను. 25 కిలోలే కదా అనుకున్నాను. 2022లో 25 కిలోల వరకు ప్యాకెట్ల మీద జీఎస్టీ వచ్చాక కొట్లలో 26 కిలోల బస్తాలు దిగాయని మా ఆవిడకు తెలుసు, నాకు తెలియదు. రెంచి ముందే క్లిక్ అంటోందని పొరబడి దాన్ని సరిచేసే స్క్రూ బిగించి, బాగున్నదాన్ని చెడగొట్టాను!

ఆ స్క్రూ చాలా మోడళ్లలో పిడి చివర మూత తీస్తే కనిపిస్తుంది. ముందే క్లిక్ అంటుంటే బిగించాలి, ఆలస్యమైతే వదలాలి. పావు చుట్టు మాత్రమే తిప్పి మళ్లీ తూకం వేయండి. మూడుసార్లు వేస్తే మూడు రకాలుగా వస్తుంటే స్క్రూతో పనికాదు, లోపల అరిగింది. అప్పుడు క్యాలిబ్రేషన్ ల్యాబుకు ఇవ్వండి, లేదా కొత్తది కొనండి. పని అయ్యాక స్కేలు మీది కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టండి. అంతకన్నా కిందికి వదలకండి.

ప్రశ్న: ఇదే రెంచితో బండి ఇంజను మీది 10 న్యూటన్ మీటర్ల బోల్టు బిగించవచ్చా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: వద్దమ్మా. 200 వరకు ఉన్న రెంచిని 40కి దిగువన నమ్మకూడదు. అల్యూమినియంలో మరలు ఊడొస్తాయి. పావు అంగుళం మొన ఉన్న చిన్న రెంచి తీసుకోండి.