పాచికలు కొనే ముందు ఒక మాట

తల్లీ,

వచ్చే నెల నుంచి నీ క్లాసు పిల్లలకి రోల్‌ప్లేయింగ్ గేమ్‌తో, అదే తలా ఒక పాత్ర వేసుకుని కథ నడిపే ఆటతో, పాఠాలు చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "దానికి నువ్వైనా చెప్పక్కా" అంది. చెప్పడానికేముంది, నాకు గర్వంగానే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

రూల్స్ ఒక పేజీ దాటనివ్వకు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే అలాంటి ఆట రూల్సన్నీ క్లాసులోకి మోసుకెళ్ళే పని లేదు. బల్లకి ఐదుగురు చాలు. పై తరగతి పిల్లల్ని గేమ్ మాస్టర్లుగా, అంటే కథ నడిపేవాళ్ళుగా, పెట్టుకో, అన్ని బల్లల దగ్గరా నువ్వే కథ నడపలేవు.

"లెక్క చేస్తే తలుపు తెరుచుకుంటుంది" లాంటివి మాత్రం వద్దు. ఎక్సర్‌సైజుకి ముసుగు తొడిగావని పిల్లలు ఐదు నిమిషాల్లో పసిగడతారు. వంతెన దాటాలంటే రెండు పాచికల మొత్తం ఎంత పడాలో వాళ్ళనే ఎంచుకోమను. ముందు 12 అంటారు, పెద్ద అంకె కదా. నాలుగుసార్లు ఏట్లో పడ్డాక వాళ్ళే కాగితం తీస్తారు. మొత్తం 36 రకాల్లో 7 ఆరు రకాలుగా పడుతుంది, 12 ఒక్క రకంగానే. ఆ తర్వాత సంభావ్యత గురించి నువ్వు చెప్పేది వింటారు.

ఇక ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

నేనూ ఒకసారి ఫ్రెంచి విప్లవాన్ని ఇలాగే ఆడించాను. 1789 మే నెల, ఎస్టేట్స్ జనరల్ సమావేశం, అంటే ఫ్రాన్సులో మూడు ఎస్టేట్ల (వర్గాల) ప్రతినిధుల సభ. మతగురువులు నలుగురు, ప్రభువులు నలుగురు, మిగతా క్లాసంతా మూడో ఎస్టేట్, అంటే సామాన్యులు. ఎస్టేట్‌కి ఒక ఓటు అన్నాను. పన్ను ఎవరు కట్టాలని ఓటు పెట్టిన ప్రతిసారీ మతగురువులూ ప్రభువులూ ఒక్కటై, రెండుకి ఒకటి. "మేమే ఎక్కువమందిమి కదా టీచర్!" అని అరిచారు. పుస్తకం చదివిస్తే ఎన్నడూ రాని కోపం అది. స్టాఫ్ రూంలో వారం రోజులు గొప్పలు చెప్పుకున్నాను.

అందులో అప్పుల్లో మునిగిన రైతు పాత్ర ఒకటుంది. దాన్ని వెనక బెంచీలో మాసిన చొక్కా పిల్లాడికిచ్చాను. వాడైతే బాగా చేస్తాడనిపించింది. ఎందుకనిపించిందని అప్పుడు నన్నెవరైనా అడిగుంటే బాగుండేది. నిజంగానే బాగా చేశాడు. మూడో వారం నా దగ్గరికొచ్చి, "ఈసారి కూడా నేనేనా టీచర్?" అన్నాడు. "నువ్వే కదరా హీరోవి" అని నవ్వాను. బెల్ కొట్టాక కూడా తోటి పిల్లలు "పన్ను కట్టరా" అంటూ వాడి డబ్బా లాక్కుంటున్నారని, ఒకరోజు వరండాలో నా కళ్ళతో చూసేదాకా నాకు తెలియలేదు. వాడికి సారీ చెప్పాను. తలూపాడు. ఆ ఏడాది మరి ఏ పాత్రా తీసుకోలేదు, "స్కోరు రాస్తాను టీచర్" అనేవాడు. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి.

అందుకని పాత్రలు చీటీలేసి పంచు, ప్రతి వారం మార్చు. బల్ల మధ్య ఒక కార్డు పెట్టు. ఎవరు దాన్ని ముట్టుకున్నా కథ పక్కకి తిప్పెయ్యాలి, కారణం అడక్కూడదు. చివరి పది నిమిషాలు ఆటకివ్వకు. పాత్రల బ్యాడ్జీలు తీయించి, అందర్నీ సొంత పేర్లతో పిలిచి, ఏం జరిగిందో మాట్లాడించు. నేను ఆ పది నిమిషాలూ మిగుల్చుకోలేదు.

మొదటి పాఠమే యుద్ధం పెట్టావట, బుద్ధుందా? ముందు ఏ సంతో, ప్రయాణమో పెట్టు. చిన్నప్పుడు దొంగా పోలీసాటలో అందరూ నిన్నే దొంగని చేస్తున్నారని నా ఒళ్ళో పడి ఏడ్చేదానివి, మర్చిపోయావా? నేను మర్చిపోలేదు.

మొదటి రోజు నేనూ వస్తాను, వద్దనకు. నాకూ ఒక చీటీ ఉంచు. జుట్టు చూసి ముసలి మంత్రగత్తె పాత్ర చేతిలో పెట్టావో, ఆ కార్డు ముందు నేనే ముట్టుకుంటాను.

మీ పెద్దమ్మ