డిశ్చార్జ్ తర్వాత తమ్ముణ్ణి ఎక్కడ ఉంచాలి? – సమాధానం

అక్కా, 22 ఏళ్ల తమ్ముణ్ణి వచ్చే వారం మానసిక ఆస్పత్రి నుంచి పంపిస్తున్నారు, ఇంటికి తెస్తే నాన్నగారితో మళ్లీ గొడవలు, హాస్టల్లో ఒంటరిగా ఉంచాలంటే భయం అన్నారు కదా. ఈ రెండింటి నడిమధ్య ఉండేదే హాఫ్‌వే హోమ్, అంటే ఆస్పత్రి నుంచి వచ్చినవాళ్లు కొన్నాళ్లు సిబ్బంది తోడుతో ఉంటూ, మెల్లగా సొంతంగా బతకడం నేర్చుకునే ఇల్లు.

ముందు ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను కలవండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ ప్రకారం డిశ్చార్జికి ముందు డాక్టరు పేషెంటుతో, ఇంటివాళ్లతో మాట్లాడి, ఆ తర్వాత చికిత్స ఎలా సాగాలో ప్లాన్ వేయించాలి. మొహమాటపడకుండా అది అడగండి. దూరమైనా ఫర్వాలేదంటే, ఇలాంటి హోమ్‌లు నడిపే రిచ్‌మండ్ ఫెలోషిప్ సొసైటీ అనే సంస్థ బెంగళూరులో ఉంది.

హోమ్ ఎంచుకునేటప్పుడు ఫోటోలు చూసి మోసపోవద్దు. పొద్దున పదకొండింటికి వెళ్లి చూడండి. అందరూ మంచాల మీదే ఉన్నారంటే అది మీకు పనికిరాదు. కూరగాయలు ఎవరు తరుగుతున్నారు, బయటికి ఒంటరిగా పంపుతారా, ఫోన్ ఇస్తారా? మాత్రలు చేతిలో పెట్టి మింగించడమేనా, మెల్లగా తనే డబ్బాలో సర్దుకోవడం నేర్పుతారా? నా లెక్కలో అసలు పరీక్ష ఇదే. బలవంతంగా గుండు చేయించకూడదు, ఎవరి బట్టలు వాళ్లు వేసుకోవచ్చు. ఇవి చట్టమే ఇచ్చిన హక్కులు. రిజిస్ట్రేషన్ కాగితం కూడా చూపించమనండి.

తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి, ఉండాల్సింది తనే. ఈలోగా రాత్రిపూట టెన్షన్ అనిపిస్తే 14416కి చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.