కేర్ ప్లాన్‌లో పేషెంట్ బలాలు ఎక్కడ రాయాలి? ఒక స్టాఫ్ నర్సు జవాబు

మీరు బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడాది అన్నారు. నాండా (నర్సింగ్ డయాగ్నోసిస్‌ల ప్రామాణిక జాబితా) డయాగ్నోసిస్‌లన్నీ సమస్యల గురించే ఉంటే పేషెంట్ బలాలు, వనరులు ఎక్కడ రాయాలని ఒక ప్రశ్న. మేడమ్ అడిగారు కదా అని "ఫ్యామిలీ సపోర్ట్ ఉంది" అని ఒక లైను రాసేస్తే సరిపోదా అని ఇంకొకటి. నేను ప్రభుత్వ ఆసుపత్రి మెడిసిన్ వార్డులో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, పోస్టింగ్‌కు వచ్చే పిల్లల కేర్ ప్లాన్లు చూస్తుంటాను. రెండోదానికి ముందు చెప్తాను: సరిపోదు. ఆ లైను కొట్టేసినా మీ ఇంటర్వెన్షన్లలో, అంటే పేషెంట్‌కు మనం చేయబోయే పనుల్లో, ఒక్క అక్షరం మారకపోతే అది రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

మొదటి ప్రశ్న. అన్నీ సమస్యలే అన్నది పూర్తిగా నిజం కాదు. ఉన్న సమస్య, రిస్క్, సిండ్రోమ్‌తో పాటు హెల్త్ ప్రమోషన్ డయాగ్నోసిస్ అని ఒక రకం ఉంది. "రెడీనెస్ ఫర్ ఎన్‌హాన్స్‌డ్" అని మొదలయ్యేవన్నీ అవే. వాటికి "రిలేటెడ్ టు" అని కారణం చెప్పే భాగం ఉండదు. మెరుగుపడాలన్న కోరిక పేషెంట్ నోటినుంచి వచ్చిందా లేదా అన్నదే ఆధారం. మిగతా రకాల్లో మాత్రం బలానికి డయాగ్నోసిస్ వాక్యంలో చోటు లేదు. దాన్ని అసెస్‌మెంట్‌లో డేటాగా రాయాలి, ఇంటర్వెన్షన్‌లో వాడాలి.

ఉదాహరణకు మా వార్డులో షుగర్‌తో కాలి పుండు వచ్చి చేరిన ఒక పెద్దాయన. వృత్తి టైలరింగ్. చదువు రాదు, ఇన్సులిన్ కొత్త. విద్యార్థిని రాసిన డయాగ్నోసిస్ "డెఫిషియెంట్ నాలెడ్జ్", పక్కన "నిరక్షరాస్యుడు", ప్లాన్ "కొడుక్కి నేర్పాలి". తప్పేమీ లేదు. కానీ ఆ కొడుకు పొద్దున్నే పనికి పోయి రాత్రికి వస్తాడు. రెండు పూటల ఇంజెక్షన్ ఎవరు వేయాలి?

ఆయనతో కాసేపు మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. అక్షరాలు రావు గానీ, జీవితమంతా ఇంచి టేపు మీద అంకెలు చదివినవాడు. చేతులు వణకవు. అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కిస్తాడు. "సూదితో నాకు కొత్తేముందమ్మా" అని ఆయనే నవ్వాడు. ఇక సిరంజి మీద గీతలు చదవడం ఆయనకు ఒక లెక్కా? ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన దగ్గర వయల్ ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్లదానికి నారింజ రంగు మూత. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్ల డోసు ఒంట్లోకి వెళ్తుంది, ప్రాణం మీదికొస్తుంది. చదువు రాని మనిషికి ఇదెలా చెప్పాలని మనకు టెన్షన్. ఆయన మాత్రం దారపు రీళ్లు రంగు చూసి తీసే మనిషి. ఎర్ర మూత సిరంజి, తనకు రాసిన వయల్, రెండూ పక్కపక్కన పెట్టుకుని గుర్తుపట్టేశాడు. కొత్త వయల్ కొన్నప్పుడల్లా దాని మీది 40 అంకె చూడమన్నాం, అదీ ఆయనకు వచ్చిన అంకే. రిటర్న్ డిమాన్‌స్ట్రేషన్ (నేర్పింది తిరిగి చేసి చూపడం) మన మెడికల్ షాపు కుర్రాళ్ల కంటే శుభ్రంగా చేశాడు.

"నా సూది నేనే వేసుకుంటా, నేర్పండి" అని తనే అడిగాడు కాబట్టి నాలెడ్జ్ లోపంతో పాటు, ఆరోగ్యాన్ని తనే చూసుకోవడానికి సంబంధించిన రెడీనెస్ డయాగ్నోసిస్ కూడా రాయించాను, ఆయన మాటనే సబ్జెక్టివ్ డేటాగా (పేషెంట్ స్వయంగా చెప్పిన సమాచారంగా) పెట్టి. వనరుల కాలమ్‌లో "టైలర్, అంకెలు చదవగలడు, దగ్గరి చూపు అద్దాలతో బాగుంది, చేతి పనితనం బాగుంది" అని వచ్చింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. వాడుతున్న వయల్‌ను చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుకలో ఉంచిన మట్టి కుండలో నీడన పెట్టుకోమని చెప్పాం. ఎండాకాలంలో గదిలో బయట పెట్టడం కంటే అది చాలా మేలు. కుండ కూడా వనరే, రాయండి.

అదే వృత్తి ఆయన పుండుకు శత్రువు కూడా. కుట్టు మిషన్ తొక్కేది ఆ కాలుతోనే. పుండు మానేదాకా ఆ కాలి మీద ఒత్తిడి పడకూడదు. మిషన్ కొడుక్కి వదిలి, కాజాలు, గుండీలు, హెమ్మింగ్ లాంటి చేతిపని కూర్చుని చేసుకుంటానని ఆయనే దారి చెప్పాడు. మనం "పని మానెయ్యండి" అని ఉంటే తలూపి ఇంటికెళ్లి తొక్కేవాడు.

ఇక "ఫ్యామిలీ సపోర్ట్". ఈ మాట చూస్తే నాకు చిరాకు, దాచుకోను. ఎవరు, ఏ పనికి, ఏ టైములో అని రాయకపోతే దానికి అర్థం లేదు. పక్షవాతంతో మంచం పట్టిన ఒక పెద్దావిడకు "కొడుకు సహకరిస్తున్నాడు" అని రాసి ఉంది. కొడుకు గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చాడు, వారంలో వెళ్లిపోతాడు. అతను పంపే డబ్బు వనరే, ఎయిర్ బెడ్ కొనడానికి పనికొస్తుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పేది మాత్రం ఇంట్లో బీడీలు చుట్టే కోడలు. ఆమె పగలంతా ఇంటి దగ్గరే ఉంటుంది కాబట్టి పగటి టర్నింగ్ ఆమె పని వేళల ప్రకారం పెట్టాం. రాత్రి? అది ఆమె మీదే పడితే నెల తిరక్కుండా ఆమె మంచాన పడుతుంది. అందుకే కేర్‌గివర్ రోల్ స్ట్రెయిన్ (చూసుకునే మనిషి మీద పడే భారం) రిస్క్ ఆ ప్లాన్‌లోనే రాయాలి. వెళ్లే లోపు ఆ కొడుకుతోనే మాట్లాడి, ఊళ్లో ఉన్న ఆడపడుచు రాత్రులు వచ్చేలా చేయించాం. చాలా ప్లాన్లలో ఇంటి ఆడవాళ్లను జీతం లేని నర్సులుగా రాసేసి దానికి "వనరు" అని పేరు పెడతారు. దయచేసి అలా రాయకండి.

భక్తి సంగతి కూడా ఇంతే. శనివారం ఒక్కపొద్దు ఉండే షుగర్ పేషెంట్‌ను చూడండి. ఏళ్ల తరబడి నియమం తప్పని మనిషి మందుల టైము కూడా తప్పదు, అది బలం. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది, అది రిస్క్. రెండూ రాయండి. ఉపవాసం రోజు డోసు ఎలాగో డాక్టర్ గారిని ముందే అడిగి పెట్టండి.

వార్డులో ఇవన్నీ అడిగే టైము ఎక్కడుందని మీరంటారు. వేరే టైము అక్కర్లేదు. డ్రెస్సింగ్ చేస్తూ, బీపీ చూస్తూ అడగొచ్చు. "ఏం పని చేసేవారు?", "ఇంతకుముందు ఇలాంటి కష్టమొస్తే ఎట్లా గట్టెక్కారు?", "ఇంట్లో మందులు ఎవరు గుర్తుచేస్తారు?" అంటే చాలు, మనవాళ్లు మిగతాది వాళ్లే చెప్తారు. పుస్తకం పద్ధతి కావాలంటే పేషెంట్ జీవితాన్ని 11 భాగాలుగా అడిగి తెలుసుకునే గార్డన్ 11 ఫంక్షనల్ ప్యాటర్న్స్ పట్టుకోండి. రోల్-రిలేషన్‌షిప్, కోపింగ్, వాల్యూ-బిలీఫ్ అనే మూడింటినీ పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. మీకు కావలసింది ఎక్కువగా దొరికేది అక్కడే.

రాసింది డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో నోటితో కూడా చెప్పండి. మా టైలర్ గురించైతే: "తొమ్మిదో బెడ్ ఇన్సులిన్ తనే లోడ్ చేసుకుంటాడు, పక్కన నిలబడి చూడండి" అని. చెప్పకపోతే నైట్ డ్యూటీ సిస్టర్ తొందరలో తనే వేసేస్తుంది, డిశ్చార్జి నాటికి ఆయనకు చెయ్యి అలవాటు కాదు.